థర్మోస్టాట్ మార్చే ముందు: అపోహలు - వాస్తవాలు

నేను చేసేది ఇళ్లలో హీటింగ్, కూలింగ్ సిస్టమ్‌ల రిపేరు. "ఏ కంపెనీ థర్మోస్టాట్ తీసుకోమంటారు?" అని అడిగేవాళ్లే ఎక్కువ. నేను ముందు అడిగేవి వేరే ఉంటాయి. ఇప్పుడున్నదాని వెనక ఎన్ని వైర్లున్నాయి? వాటిలో వోల్టేజీ ఎంత? అది నడిపేది ఫర్నేస్‌నా (గాలిని వేడిచేసి ఇల్లంతా పంపేది), హీట్ పంప్‌నా (ఏసీలా చల్లబరుస్తూ, తిరగేస్తే వేడినీ ఇచ్చేది), బాయిలర్‌నా (నీళ్లు కాచి వాటితో ఇల్లు వేడిచేసేది)?

థర్మోస్టాట్ పని చిన్నదే. గదిలో వేడి ఎంతుందో చూసి ఒక స్విచ్ వేస్తుంది, తీస్తుంది. ఆ స్విచ్ మీ మెషీన్‌కి సరిపడే రకం అయ్యుండాలి, వైర్లు సరిగ్గా బిగించాలి, లోపలి సెట్టింగులు సరిగ్గా పెట్టాలి. ఈ మూడూ కుదిరితే మామూలు థర్మోస్టాట్ కూడా ఏళ్ల తరబడి ఇబ్బంది పెట్టకుండా నడుస్తుంది. ఒక్కటి తప్పినా ఎంత ఖరీదైనదైనా ఏడిపిస్తుంది. అందుకే కంపెనీ పేరు కన్నా ముందు ఈ కింది విషయాలు చూడమంటాను.

అపోహ: స్క్రీన్ ఆరిపోయిందంటే థర్మోస్టాట్ పోయినట్టే

వాస్తవం: మార్చాలని పిలిచిన చాలా ఇళ్లలో థర్మోస్టాట్ బాగానే ఉంటుంది, దానికి కరెంటే అందదు. బ్యాటరీతో నడిచే రకమైతే ముందు కొత్త ఆల్కలైన్ సెల్స్ వేసి చూడండి. పాత సెల్ కారి స్ప్రింగు మీద తెల్లటి పొడి పేరుకుంటే దాన్ని గీకి శుభ్రం చేయాలి. అప్పటికీ వెలగకపోతేనే కొత్తదాని గురించి ఆలోచించండి.

బ్యాటరీ లేని రకమైతే ఫర్నేస్ దగ్గరికి వెళ్లాలి. ఫర్నేస్ తలుపు పూర్తిగా మూసుకోకపోతే, దాని వెనకుండే చిన్న స్విచ్ మొత్తం కరెంటు ఆపేస్తుంది. ఫిల్టర్ మార్చి తలుపు సరిగ్గా నొక్కకుండా వదిలేసినప్పుడు జరిగేది ఇదే. కంట్రోల్ బోర్డు మీద కార్లలో వాడేలాంటి చిన్న ఫ్యూజు కూడా ఉంటుంది, మామూలుగా 3 లేదా 5 ఆంపులది. అదీ చూడండి.

ఏసీ వాడే రోజుల్లో ఎక్కువగా కనిపించేది డ్రెయిన్ సమస్య. గాలిలోని తేమ లోపలి కాయిల్ మీద నీరై, కింద ట్రేలో పడి, పైపు గుండా బయటికి పోతుంది. ఆ పైపులో పాచి పట్టి మూసుకుపోతే ట్రేలో నీళ్లు పెరుగుతాయి. నీళ్లతో పాటు ఫ్లోట్ స్విచ్ పైకి లేచి, ఇల్లు తడవకుండా సిస్టమ్‌ని ఆపేస్తుంది. చాలా ఇళ్లలో ఆ స్విచ్‌ని థర్మోస్టాట్‌కి వచ్చే కరెంటు వైరు మీదే కలుపుతారు. అందుకే ఎక్కడో ట్రే నిండితే గోడ మీద స్క్రీన్ ఆరిపోతుంది. అలాంటిచోట కొత్త థర్మోస్టాట్ పెడితే అదీ వెలగదు. పైపు శుభ్రం చేస్తే పాతదే వెలుగుతుంది.

స్క్రీన్ వెలుగుతున్నా హీటింగ్ రాకపోతే ఒక పరీక్ష ఉంది. ఇది 24 వోల్టుల సిస్టమ్‌లకు (అవేవో కింద చెప్పాను) మాత్రమే, ఇంకెక్కడా చేయకూడదు. బ్రేకర్ ఆఫ్ చేసి థర్మోస్టాట్‌ని ఊడదీయండి. ఆర్ (కరెంటు వచ్చేది), డబ్ల్యూ (హీటింగ్‌కి పోయేది) అనే రెండు పాయింట్లను చిన్న వైరు ముక్కతో కలిపి, బ్రేకర్ ఆన్ చేయండి. ఫర్నేస్ స్టార్ట్ అయితే లోపం థర్మోస్టాట్‌లో ఉన్నట్టు. స్టార్ట్ కాకపోతే అది మెషీన్‌లోనో, మధ్యలోని కేబుల్‌లోనో ఉంది. పరీక్ష అయ్యాక మళ్లీ బ్రేకర్ ఆఫ్ చేసి ఆ ముక్క తీసేయండి.

అపోహ: థర్మోస్టాట్లన్నీ ఒకటే, ఏదైనా బిగించుకోవచ్చు

వాస్తవం: ఇది ప్రమాదకరమైన అపోహ. ఎక్కువ ఫర్నేస్‌లు, సెంట్రల్ ఏసీలు, హీట్ పంప్‌లు 24 వోల్టుల కరెంటుతో కంట్రోల్ అవుతాయి. వాటి వైర్లు సన్నగా, నాలుగైదు రంగుల్లో ఉంటాయి. గోడ అడుగున బిగించే ఎలక్ట్రిక్ హీటర్లకైతే 120 లేదా 240 వోల్టుల మెయిన్ కరెంటు నేరుగా థర్మోస్టాట్ గుండానే పోతుంది. తీసి చూస్తే రెండో నాలుగో లావు వైర్లు, వాటి కొనలకు మెలితిప్పిన క్యాపులు కనిపిస్తాయి. 24 వోల్టుల థర్మోస్టాట్‌ని వాటికి కలిపితే అది కాలిపోతుంది, నిప్పు అంటుకునే ప్రమాదం కూడా ఉంది. కొన్ని బాయిలర్ల కంట్రోల్‌లో కూడా 230 వోల్టులు ఉంటాయి. కాబట్టి వైరు సన్నగా ఉందిలే అని చేయి పెట్టకండి. బ్రేకర్ ఆఫ్ చేసి, టెస్టర్‌తో కరెంటు లేదని ఖాయం చేసుకున్నాకే ముట్టుకోండి.

ఇలా మెయిన్ కరెంటు నేరుగా పోయే లైన్ వోల్టేజీ రకం కొనేటప్పుడు ఆంపుల లెక్క తప్పనిసరి. ఆ థర్మోస్టాట్ మీద ఉన్న హీటర్లన్నిటి వాట్లూ కూడి, వోల్టులతో భాగించండి. 240 వోల్టుల మీద 3000 వాట్లంటే 12.5 ఆంపులు. థర్మోస్టాట్ రేటింగ్ అంతకన్నా ఎక్కువ ఉండాలి. అంచుకి సరిగ్గా సరిపోయేది కాకుండా కొంత మిగులుండేది తీసుకోమంటాను, ఎందుకంటే లోడు అంచున ఉన్నప్పుడు రిలే (లోపలి స్విచ్) వేడెక్కి త్వరగా అరుగుతుంది.

మూడో రకం మిల్లీవోల్ట్. కొన్ని పాత గ్యాస్ హీటర్లు, ఫైర్‌ప్లేస్‌లు పైలట్ మంట (ఎప్పుడూ వెలుగుతుండే చిన్న మంట) వేడితోనే సుమారు 750 మిల్లీవోల్టులు పుట్టించుకుని వాల్వ్ తెరుస్తాయి. అందులోంచి థర్మోస్టాట్‌కి కరెంటు మిగలదు. వీటికి బ్యాటరీతో నడిచే, మిల్లీవోల్ట్‌కి పనికొస్తుందని డబ్బా మీద రాసి ఉన్న మోడలే తీసుకోవాలి.

ఇన్వర్టర్ మెషీన్లు (వేగం మార్చుకుంటూ నడిచే ఏసీలు, హీట్ పంప్‌లు) చాలావాటిలో థర్మోస్టాట్ స్విచ్‌లా పనిచేయదు, మెషీన్‌తో డేటా ఇచ్చిపుచ్చుకుంటుంది. అక్కడ వేరే కంపెనీ థర్మోస్టాట్ పెడితే అసలు నడవకపోవచ్చు. నడిచినా, వేగం తగ్గించుకుంటూ పెంచుకుంటూ పోవాల్సిన మెషీన్ ఆన్-ఆఫ్‌కి దిగిపోతుంది. ఆ మెషీన్‌కి పెట్టిన అదనపు డబ్బు వృథా అయినట్టే. దానికి దాని కంపెనీ కంట్రోలరే తీసుకోండి.

అపోహ: పాత వైర్ల రంగులు చూసి కలిపేస్తే చాలు

వాస్తవం: ఎరుపు ఆర్‌కి, తెలుపు డబ్ల్యూకి, పసుపు వైకి (కూలింగ్), ఆకుపచ్చ జీకి (ఫ్యాన్). ఇది అలవాటే తప్ప అందరూ పాటించే నియమం కాదు. చేతికి దొరికిన రంగుతో పని కానిచ్చినవాళ్లు కూడా ఉంటారు. ఏ వైరు ఏ అక్షరం కింద బిగించి ఉందన్నదే లెక్క. వైరు విప్పకముందే ఫోటో తీసి, ఒక్కో వైరుకీ దాని అక్షరం రాసిన చీటీ అంటించండి. వీలైతే రెండో చివర, ఫర్నేస్ బోర్డు మీద కూడా చూడండి. అసలు నిజం తెలిసేది అక్కడే.

అక్షరాన్ని కూడా గుడ్డిగా నమ్మలేని చోటు ఒకటుంది. అది 'బీ'. కొన్ని కంపెనీల హీట్ పంప్‌లలో బీ అంటే వేడికీ చల్లదనానికీ దిశ మార్చే వాల్వ్ వైరు. ఇంకొన్ని కంపెనీల పాత సిస్టమ్‌లలో అదే బీ కామన్ వైరు, అంటే కరెంటు తిరిగొచ్చే దారి. కామన్ వైరుని తీసుకెళ్లి కొత్తదాంట్లో వాల్వ్ పాయింటుకి కలిపితే షార్ట్ అయి ఫ్యూజు పోతుంది, ఫ్యూజు లేనిచోట ట్రాన్స్‌ఫార్మరే పోతుంది. బీ కనిపిస్తే మెషీన్ మోడల్ నంబరు చూసి, దాని వైరింగ్ బొమ్మ తెరిచాకే కలపండి.

అపోహ: సీ వైరు (కామన్ వైరు) లేకపోయినా స్మార్ట్ థర్మోస్టాట్ నడుస్తుంది

వాస్తవం: కొన్నాళ్లు నడవచ్చు. వైఫై ఉన్న థర్మోస్టాట్‌కి ఇరవైనాలుగు గంటలూ కరెంటు కావాలి. సీ వైరు లేకపోతే కొన్ని మోడళ్లు హీటింగ్ లేదా కూలింగ్ వైరు గుండానే కొద్దికొద్దిగా కరెంటు లాక్కుని లోపలి బ్యాటరీ నింపుకుంటాయి. కొన్ని మెషీన్లు దీన్ని తట్టుకుంటాయి. కొన్నింటిలో రిలే టకటకమని కొట్టుకుంటుంది, అడగకుండానే మెషీన్ ఆన్ అవుతుంది, లేదా బ్యాటరీ దిగిపోయి అర్ధరాత్రి ఇల్లు చల్లబడిపోతుంది. "కొత్తది పెట్టాం, రెండు నెలలకే చెడింది" అన్న ఫిర్యాదు వచ్చినచోట నేను మొదట వెతికేది ఈ వైరే.

దారులు లేకపోలేదు. చాలాసార్లు వాడని వైరు ఒకటి గోడ లోపల మడిచిపెట్టి ఉంటుంది, దాన్ని ఫర్నేస్ దగ్గర సీకి కలిపితే సరిపోతుంది. అది లేకపోతే ఫర్నేస్ దగ్గర పెట్టే అడాప్టర్ గానీ, ప్లగ్గులో పెట్టే 24 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ గానీ వాడొచ్చు. రెంటికన్నా కొత్త కేబుల్ లాగడమే మంచిది, కుదిరితే.

ఫోన్‌తో కంట్రోల్ చేయాల్సిన అవసరం లేనివాళ్లకి నా సలహా సూటిగా చెబుతాను. రెండు సెల్స్‌తో నడిచే మామూలు డిజిటల్ థర్మోస్టాట్ తీసుకోండి. సీ వైరు గొడవ ఉండదు, అప్‌డేట్లుండవు. ఏడాదికోసారి సెల్స్ మారిస్తే చాలు.

అపోహ: స్మార్ట్ అయితే బిల్లు దానంతటదే తగ్గుతుంది

వాస్తవం: బిల్లు తగ్గేది ఇంట్లో లేనప్పుడు, పడుకున్నప్పుడు ఉష్ణోగ్రత సర్దడం వల్ల. లోపలికీ బయటికీ తేడా ఎంత ఉంటే ఇల్లు అంత వేగంగా వేడిని పోగొట్టుకుంటుంది. ఆ తేడాని కొన్ని గంటలు తగ్గిస్తే అంత మిగులు. రోజుకి 8 గంటలు 7 నుంచి 10 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే సుమారు 4 నుంచి 5.5 డిగ్రీల సెల్సియస్ సర్దితే ఏడాదికి 10 శాతం దాకా ఆదా కావచ్చని అమెరికా ఇంధన శాఖ చెబుతుంది. చేత్తో సర్దినా ఆదా అంతే. మీరు మర్చిపోయినా స్మార్ట్ థర్మోస్టాట్ మర్చిపోదు, దాని లాభం అక్కడుంది. ఇప్పటికే క్రమం తప్పకుండా సర్దుకునేవాళ్లకి అదనంగా మిగిలేది తక్కువ. ప్రోగ్రామ్ చేసే థర్మోస్టాట్లకు ఇచ్చే ఎనర్జీ స్టార్ (ఇంధనం ఆదా చేసే వస్తువుల ముద్ర) గుర్తింపుని అమెరికాలో 2009 చివర్లో ఆపేశారు. ప్రోగ్రామ్ ఉన్నంత మాత్రాన ఆదా అవుతుందని తేలకపోవడమే కారణం.

హీట్ పంప్ ఉన్నవాళ్లు ఇంకొంచెం జాగ్రత్తగా ఉండాలి. రాత్రి బాగా తగ్గించి పొద్దున్నే ఒక్కసారిగా పెంచితే, సాయంగా ఉండే ఎలక్ట్రిక్ హీటర్ ఆన్ అవుతుంది. అది ఒక యూనిట్ కరెంటుకి ఒక యూనిట్ వేడే ఇస్తుంది. హీట్ పంప్ అదే కరెంటుతో మామూలుగా రెండు మూడు రెట్లు ఇవ్వగలదు. రాత్రంతా మిగిల్చింది పొద్దున గంటలో పోతుంది. కాబట్టి హీట్ పంప్‌ని గుర్తించి, టైముకి ముందే మెల్లగా పెంచుకుంటూ వచ్చే మోడల్ చూసుకోండి.

ఇంకో విషయం. స్మార్ట్ థర్మోస్టాట్ ఆయుష్షు సగం కంపెనీ సర్వర్ చేతిలో ఉంటుంది. నెస్ట్ మొదటి, రెండో తరం లెర్నింగ్ థర్మోస్టాట్లకు గూగుల్ 2025 అక్టోబర్ 25తో సపోర్ట్ ఆపేసింది. అవి గోడ మీద చేత్తో తిప్పితే ఇప్పటికీ పనిచేస్తాయి, యాప్ నుంచి మాత్రం నడవవు. అందుకే ఏ మోడల్ కొన్నా ఇంటర్నెట్ లేకుండా అది పూర్తిగా పనిచేస్తుందా, షెడ్యూల్ లోపలే దాచుకుంటుందా అని ముందే కనుక్కోండి.

అపోహ: ఎక్కువ డిగ్రీలు పెడితే త్వరగా వేడెక్కుతుంది

వాస్తవం: మామూలు ఫర్నేస్‌కి తెలిసింది ఆన్, ఆఫ్ రెండే. 22 పెట్టినా 30 పెట్టినా అదే వేగం, కాకపోతే 30 పెడితే ఆగాల్సిన చోట ఆగదు.

అపోహ: తప్పు డిగ్రీలు చూపిస్తోందంటే అది చెడ్డ పీస్

వాస్తవం: మార్చి ఇచ్చేసే ముందు దాని వెనక గోడ చూడండి. వైర్లు వచ్చే రంధ్రం చాలాసార్లు అవసరానికి మించి పెద్దగా ఉంటుంది. గోడ లోపలి ఖాళీలోంచి చలిగాలి ఆ రంధ్రం గుండా వచ్చి నేరుగా సెన్సర్‌కి తగులుతుంది. థర్మోస్టాట్‌ని బేస్ నుంచి తీసి, ఒక పల్చటి టిష్యూ ముక్కని రంధ్రం ముందు పట్టుకోండి. అది కదిలితే దొంగ అక్కడున్నట్టే. వైర్ల చుట్టూ పుట్టీ గానీ, కొంచెం ఇన్సులేషన్ గానీ కూరితే రీడింగ్ సర్దుకుంటుంది. ఎండ పడే చోట, వేడిగాలి వచ్చే జాలీ ఎదురుగా, టీవీ పక్కన, బయటి గోడ మీద ఉన్నా ఇదే తంటా. లోపలి గోడ మీద, నేల నుంచి సుమారు ఐదడుగుల ఎత్తున ఉండటం మంచిది.

అపోహ: బిగించి ఆన్ చేస్తే పని అయిపోయినట్టే

వాస్తవం: ఇన్‌స్టాలర్ సెట్టింగులనే పేజీ మాన్యువల్‌లో వెనకెక్కడో ఉంటుంది, దాన్ని వదిలేయకండి. గ్యాసా, ఎలక్ట్రికా అన్నది అక్కడే చెప్పాలి. గ్యాస్ ఫర్నేస్ తన ఫ్యాన్‌ని తానే నడుపుకుంటుంది. ఎలక్ట్రిక్ దానికి ఫ్యాన్‌ని థర్మోస్టాటే ఆన్ చేయాలి. ఇది తప్పితే హీటర్ వేడెక్కినా గాలి రాదు. హీట్ పంప్‌కి వాల్వ్ సెట్టింగు తిరగబడితే చల్లదనం అడిగినప్పుడు వేడి వస్తుంది. గంటకు ఎన్నిసార్లు ఆన్ కావాలన్నదీ చూడండి. చాలా మోడళ్లలో మామూలు గ్యాస్ ఫర్నేస్‌కి 5, వేడినీళ్ల బాయిలర్‌కి 3, ఆవిరి బాయిలర్‌కి 1 పెడతారు. కంప్రెసర్ ఆగాక మళ్లీ స్టార్ట్ కావడానికి ఐదు నిమిషాల విరామం ఉంటుంది, దాన్ని తీసేయకండి. అది కంప్రెసర్‌ని కాపాడేది.

అపోహ: పాతదాన్ని చెత్తబుట్టలో వేసేయొచ్చు

వాస్తవం: గుండ్రంగానో పొడుగ్గానో ఉండే పాత రకం మూత తీస్తే, గాజు గొట్టంలో వెండిలా మెరుస్తూ కదిలే చుక్క కనిపించవచ్చు. అది పాదరసం, ఒక్కో గొట్టంలో సుమారు 3 గ్రాములుంటుంది. గొట్టం పగలకుండా, విడదీయకుండా, థర్మోస్టాట్ మొత్తాన్నీ మూత ఉన్న డబ్బాలో పెట్టి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే కేంద్రంలో ఇవ్వండి. పొరపాటున పగిలితే చీపురుతో ఊడ్చొద్దు, వ్యాక్యూమ్ క్లీనర్ అసలే వాడొద్దు, దాంతో ఆవిరి ఇల్లంతా పరుచుకుంటుంది. పిల్లల్ని, పెంపుడు జంతువుల్ని బయటికి పంపి, కిటికీలు తెరిచి, సెంట్రల్ ఫ్యాన్ ఆపండి. చేతులకి గ్లవ్స్ వేసుకుని, గట్టి అట్టతో చుక్కల్ని ఒకచోటికి జరిపి గాజు సీసాలోకి ఎత్తి మూత బిగించండి.