వెడల్పాటి పౌడర్ స్కీలకు బైండింగ్ ఎక్కడ బిగించాలి? అపోహలు - వాస్తవాలు

మాది మహబూబ్‌నగర్. చలికాలమంతా కశ్మీర్‌లోని గుల్మార్గ్‌లో స్కీలకు బైండింగులు, అంటే బూటును స్కీకి పట్టి ఉంచే భాగాలు, బిగిస్తాను. లోతైన మెత్తటి మంచులో జారడానికి చేసిన వెడల్పాటి స్కీలే పౌడర్ స్కీలు. ఎండాకాలం ఇంటికొస్తే అమెరికా నుంచి సెలవుకొచ్చిన పాలమూరు, నల్లగొండ పిల్లలు అవే ప్రశ్నలు అడుగుతుంటారు.

అపోహ: "అన్నా, ఎంత వెనక్కి బిగిస్తే అంత తేలుతది గదా?"

వాస్తవం: సగమే నిజం. సోమశిల దగ్గర కృష్ణలో పడవెక్కి అందరూ వెనకే కూర్చుంటే ముక్కు లేస్తుంది గానీ పడవ తొందరగా మలగదు. స్కీ కూడా అంతే. వెనక్కి బిగిస్తే మెత్తటి మంచులో ముక్కు మునగదు, కానీ చెట్ల మధ్య చటుక్కున తిప్పాలంటే మొండికేస్తుంది. ముందుకు బిగిస్తే చకచకా తిరుగుతుంది, లోతు మంచులో మాత్రం ముక్కు దిగబడుతుందేమోనని టెన్షన్. అసలు వెనక్కి బిగించాలన్న మాట సన్నటి పాత స్కీల కాలం నాటిది. ఇప్పటి పౌడర్ స్కీలు పాదం కింద 110 మి.మీ. దాటి ఉంటాయి, ముక్కు కూడా తయారీలోనే పైకి వంగి వస్తుంది. దాన్నే రాకర్ అంటారు. తేలే పని చాలావరకు ఆ వెడల్పు, ఆ వంపే చూసుకుంటాయి. ఇంకా వెనక్కి జరిపితే తిప్పడమే కష్టమవుతుంది.

అపోహ: "మా ఫ్రెండ్ 2 సెం.మీ. ముందుకు పెట్టిండు, నాకూ అట్లే పెట్టు."

వాస్తవం: ఏ గీత నుంచి ముందుకు? బూటు సోల్ మధ్య గుర్తు ఎక్కడ రావాలో చూపిస్తూ కంపెనీ స్కీ మీద ఒక గీత పెడుతుంది. ఒక మోడల్‌లో ఆ గీత స్కీ నడిమధ్యకు 10 సెం.మీ. వెనక ఉంటే, ఇంకోదాంట్లో 3 సెం.మీ. వెనకే ఉండొచ్చు. మొదటిసారి అడిగిన వాళ్లకు నేను గీత మీదే బిగిస్తాను. నిటారుగా నిలబడి జారేవాళ్లు, గాల్లో తిరిగి వెనక్కి దిగేవాళ్లు అయితే ఒక సెంటీమీటర్ ముందుకు. ఆ ఒక్క సెంటీమీటరే కాళ్లకు బాగా తెలుస్తుంది.

అపోహ: "నా స్కీలు తమ్ముడికిస్తా. వాడి బూటు పెద్దది, బైండింగ్ మడమ భాగం వెనక్కి జరిపితే చాలు."

వాస్తవం: బూటు పడుతుంది, నిలబడే చోటు మారుతుంది. చాలా బైండింగుల్లో ముందు భాగం కదలదు. సోల్ 305 మి.మీ. ఉన్న బూటుకు బిగించిన అన్న స్కీలో 325 మి.మీ. బూటు పెడితే సోల్ మధ్య గుర్తు 10 మి.మీ. వెనక్కి పోతుంది. స్కీ మొద్దుగా ఉందని తమ్ముడు తిట్టుకునేది అందుకే. రిలీజ్ సెట్టింగ్ (పడినప్పుడు ఎంత బలానికి బూటు ఊడిరావాలో చెప్పేది) కూడా అతని బరువు, ఎత్తు, వయసు, సోల్ పొడవు చూసి మళ్లీ పెట్టించాల్సిందే.

అపోహ: "నచ్చకపోతే మళ్లీ బెజ్జాలు పెడదాం."

వాస్తవం: పెట్టొచ్చు, కానీ పాత బెజ్జానికీ కొత్తదానికీ మధ్య కనీసం ఒక సెంటీమీటర్ ఉండాలి. పాతవాటిని ప్లగ్గు, జిగురుతో మూసేయాలి, లేకపోతే నీళ్లు దిగి లోపలి చెక్క పాడవుతుంది. రెండు చోట్ల మధ్య ఊగిసలాడేవాళ్లకు నేను పట్టాల మీద ముందూ వెనకా రెండూ జరిగే డెమో బైండింగే చెప్తాను. కాస్త బరువు, అంతే.