కొండ మీద దర్శనాలు, కింద లాక్‌డౌన్: ఆంక్షల వాదన వెనుక కథ

2020 జూలై 21న కరోనా వల్ల తిరుపతిలో మళ్లీ లాక్‌డౌన్ పెట్టారు. ఉదయం 11 దాటితే షట్టర్లు దించేయాలి. తిరుమలలో మాత్రం దర్శనాలు ఆగలేదు. కిరాణా కొట్టు దగ్గర అంటుకునే జబ్బు క్యూలైన్లో అంటుకోదా అని ఊళ్లోవాళ్లు అడిగారు. న్యాయమైన ప్రశ్నే.

అంతకుముందు మార్చి 20నే, అంటే దేశమంతా మూతపడటానికి ఐదు రోజుల ముందే, టీటీడీ దర్శనాలు ఆపేసింది. స్వామివారి కైంకర్యాలు ఏకాంతంగా సాగాయి. దాదాపు 80 రోజులు భక్తులు లేరు. జీపు డ్రైవర్లు, లాడ్జీల్లో పనిచేసే కుర్రాళ్లు, పూలమ్మేవాళ్లు ఆదాయం లేక అల్లాడిపోయారు. యాత్రికుల మీద బతికే ఊరికి అది మామూలు దెబ్బ కాదు. జూన్ 11 నుంచి అలిపిరి దగ్గర టెంపరేచర్ చూసి, తక్కువ మందినే కొండకు పంపారు. అయినా జూలై మధ్యకి 50 మంది అర్చకుల్లో 15 మందికి పాజిటివ్ వచ్చింది. దర్శనాలు ఆపాలని ఆలయ గౌరవ ప్రధాన అర్చకులు రమణ దీక్షితులు బహిరంగంగానే కోరారు. భక్తుల వల్ల వైరస్ వ్యాపించిందనడానికి ఆధారాల్లేవని టీటీడీ చెప్పింది. అదే నెలలో మాజీ ప్రధాన అర్చకులు శ్రీనివాసమూర్తి దీక్షితులు కరోనాతో కన్నుమూశారు.

ఆంక్షలు పెట్టాలా వద్దా అన్న ఈ వాదన కరోనాతో పుట్టింది కాదు. మన దగ్గర ఆంక్షలకు ఆధారమైన చట్టాల్లో ఒకటి బొంబాయి ప్లేగు నాటిది, 1897లో వచ్చింది. 1918 ఫ్లూ సమయంలో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరం భారీ ఊరేగింపు జరిపి దెబ్బతింది. అక్కడే త్వరగా కట్టడి చేసిన సెయింట్ లూయిస్ నగరంలో మరణాలు తక్కువ. ముందే మేలుకోవాలన్న మాటకు నేటికీ ఇదే ఉదాహరణ చెబుతారు.

కరోనా తర్వాత నిపుణులు రెండుగా చీలారు. లాక్‌డౌన్లతో మరణాలు పెద్దగా తగ్గలేదని 2022లో ముగ్గురు ఆర్థికవేత్తలు పలు అధ్యయనాలను కలిపి చూసి తేల్చారు. వాళ్లు అధ్యయనాలను ఎంచుకున్న తీరును చాలామంది శాస్త్రవేత్తలు తప్పుపట్టారు. మాస్కులు, దూరం, ఐసొలేషన్ లాంటివి కలిపి అమలు చేస్తే వ్యాప్తి తగ్గిందని 2023లో బ్రిటన్ శాస్త్రవేత్తల సంస్థ రాయల్ సొసైటీ చెప్పింది.

మనకు బాగా పనికొచ్చేది మాత్రం ఆంధ్రప్రదేశ్, తమిళనాడు కాంటాక్ట్ ట్రేసింగ్ (జబ్బుపడినవాళ్లు ఎవరెవరిని కలిశారో ఆరా తీయడం) లెక్కలతో 2020 సెప్టెంబరులో వచ్చిన అధ్యయనం. జబ్బుపడినవాళ్లలో దాదాపు 70 శాతం మంది నుంచి వాళ్లను కలిసినవాళ్లెవరికీ సోకలేదు. కొద్దిమంది నుంచే ఎక్కువమందికి పాకింది. అలాంటప్పుడు ఊరంతా మూయడం కన్నా, కిక్కిరిసిన బస్సులను, గాలాడని గదులను పట్టించుకోవడమే ముఖ్యమని నా అభిప్రాయం.

మొదటి లాక్‌డౌన్‌ను సమర్థించినవాళ్లు ఎక్కువగా చెప్పిన మాట ఇది: ఆసుపత్రులు సిద్ధం కావడానికి టైమ్ దొరుకుతుంది. ఏడాది గడిచాక, 2021 మే 5 నుంచి రాష్ట్రంలో మధ్యాహ్నం 12 తర్వాత కర్ఫ్యూ పెట్టారు. మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రికి ఆక్సిజన్ ట్యాంకర్ రావడం ఆలస్యమైంది, ఆక్సిజన్ ప్రెషర్ పడిపోయింది. అధికారిక లెక్క ప్రకారమే 11 మంది చనిపోయారు. ఆంక్షలు ఫలించాయా లేదా అని తేల్చేవాళ్లు కేసుల గ్రాఫులతో ఆగకూడదు. జనం ఉపాధి పోగొట్టుకుని ఇచ్చిన ఆ ఏడాదిలో రుయాకు ఆక్సిజన్ నిల్వ ఎంత పెంచారో కూడా అడగాలి.