ఇండక్షన్ స్టవ్‌కు సుంకం కన్నా కాగితమే బరువు

చైనా నుంచి ఇండక్షన్ స్టవ్‌లు గానీ, రైస్ కుక్కర్లు గానీ తెప్పించుకోవాలనుకునే చిన్న వ్యాపారి హైదరాబాద్ ట్రూప్ బజార్‌లో అనుభవం ఉన్నవాళ్లను సలహా అడిగితే, సుంకం ఎంతన్నది తర్వాత చెబుతారు. ముందు అడిగేది "ఫ్యాక్టరీకి బీఐఎస్ ఉందా?" అని. సుంకం డబ్బుతో తీరిపోయే సంగతి. వస్తువుల ప్రమాణాలు చూసే కేంద్ర సంస్థ బీఐఎస్ (బ్యూరో ఆఫ్ ఇండియన్ స్టాండర్డ్స్) రిజిస్ట్రేషన్ లేని సరుకు ఎంత కట్టినా కంటైనర్ డిపో దాటి బయటికి రాదు. పాతికేళ్ల కిందట ఈ ప్రశ్నే లేదు, అప్పటి టెన్షన్ అంతా దిగుమతి లైసెన్సు గురించి. ఆ తర్వాత కొన్నేళ్లు రేటు గురించి. వంటింటి కరెంటు సామాను దేశంలోకి వచ్చే దారిలో అడ్డం ఇలా చోటు మారుతూ వచ్చింది.

హైదరాబాద్‌కు కస్టమ్స్ కొత్తేమీ కాదు. సముద్రం లేని ఈ రాజ్యానికి నిజాంల కాలంలో కరోడ్‌గిరీ పేరుతో సొంత సుంకాల శాఖ ఉండేది. ఈస్టిండియా కంపెనీతో 1802లో కుదిరిన వాణిజ్య ఒప్పందం సరుకుల మీద 5 శాతం సుంకం ఖాయం చేసింది. భారత్‌లో కలిశాక కూడా ఇలాంటి రాష్ట్రాలు కొంతకాలం సొంత సుంకాలు వసూలు చేసుకునే వీలు రాజ్యాంగంలోని 306వ అధికరణలో ఉండేది. 1956లో ఏడో సవరణతో ఆ అధికరణే పోయింది. రైస్ కుక్కర్‌కు దీంతో పెద్ద సంబంధం లేదులెండి. తోషిబా తొలి ఆటోమేటిక్ కుక్కర్ జపాన్‌లో అమ్మకానికి వచ్చిందే 1955 చివర్లో.

దేశమంతటికీ వర్తించే దిగుమతుల కట్టడి రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1940లో మొదలైంది. 1947లో దానికోసం ప్రత్యేక చట్టమే వచ్చింది. విదేశీ మారకం కొరత ఉన్న రోజుల్లో యంత్రాలకూ ముడిసరుకుకూ లైసెన్సు దొరికేది కానీ, వినియోగ వస్తువులకు దాదాపు దొరికేది కాదు. అందుకే ఆ కాలంలో మన ఇళ్లలో విదేశీ రైస్ కుక్కర్ కనిపించిందంటే అది చాలావరకు దుకాణంలో కొన్నది కాదు. గల్ఫ్‌కు పనికి వెళ్లిన కరీంనగర్, నిజామాబాద్ వాళ్లు, పాతబస్తీ వాళ్లు సామానుతో పాటు మోసుకొచ్చిందే. వ్యాపారికి వీల్లేని వస్తువు ప్రయాణికుడికి బ్యాగేజీ కింద వచ్చేది.

1991 సంస్కరణలతో ఇదంతా ఒక్కసారిగా తెరుచుకుందని చాలామంది అనుకుంటారు. నిజానికి వినియోగ వస్తువుల మీద ఆంక్షలు ఇంకో పదేళ్లు నడిచాయి. 90లలో కొన్ని వస్తువులను ప్రత్యేక దిగుమతి లైసెన్సు ఉంటేనే రానిచ్చేవారు. ఎగుమతిదారులకు ఇచ్చే ఆ లైసెన్సులు మార్కెట్లో చేతులు మారేవి. ఈ ఆంక్షలపై అమెరికా ప్రపంచ వాణిజ్య సంస్థలో ఫిర్యాదు చేసింది. విదేశీ చెల్లింపుల లోటు సాకుతో ఇన్ని ఆంక్షలు కొనసాగించడం కుదరదని 1999 ఆగస్టులో ఆ సంస్థ అప్పీలు సంఘం తేల్చింది. 2000 ఏప్రిల్‌లో 714 వస్తువులపై, 2001 ఏప్రిల్ 1న మిగిలిన 715పై పరిమాణ ఆంక్షలు (లైసెన్సు లాంటి అడ్డంకులు) ఎత్తేశారు. అప్పటి నుంచి ప్రశ్న "రానిస్తారా?" నుంచి "ఎంత కట్టాలి?"కి మారింది. ఎంత కట్టాలో తేలాలంటే ఆ వస్తువు ఏ కోడ్ కిందికి వస్తుందో ముందు తేలాలి.

ప్రతి వస్తువుకూ అంకెల కోడ్ ఇచ్చే, ప్రపంచ కస్టమ్స్ సంస్థ రూపొందించిన హెచ్ఎస్ (హార్మోనైజ్డ్ సిస్టమ్) వర్గీకరణ అంతర్జాతీయంగా 1988లో అమల్లోకి వచ్చింది. మన టారిఫ్ (సుంకాల పట్టిక) 1986లోనే ఆ పద్ధతికి మారింది. 2003 నుంచి మనం ఎనిమిది అంకెల కోడ్‌లు వాడుతున్నాం. కరెంటుతో వేడిచేసే ఇంటి సామానుకు 8516 అనేది పెద్ద పద్దు. మైక్రోవేవ్ ఓవెన్ 8516 50. ఇతర ఓవెన్లు, కుక్కర్లు, వంట ప్లేట్లు, గ్రిల్లర్లు 8516 60, ఇండక్షన్ స్టవ్ కూర్చునేది ఇక్కడే. కాఫీ, టీ మేకర్లకు 8516 71, టోస్టర్‌కు 8516 72. మిక్సీ, గ్రైండర్లలో పని వేడితో కాదు, మోటారుతో. కాబట్టి అవి 8509. గ్యాస్ స్టవ్ అయితే ఇనుము, ఉక్కు వస్తువుల అధ్యాయంలో 7321కి వెళ్లిపోతుంది.

ఇంతవరకు తేలికే. చిక్కంతా "ఇళ్లలో వాడే తరహా" అన్న మాట దగ్గర వస్తుంది. టిఫిన్ సెంటర్ కోసం తెచ్చే పెద్ద ఎలక్ట్రిక్ ఫ్రయర్‌ను 8516లో వేయాలా, వంట యంత్రాల పద్దు 8419లో వేయాలా? యంత్రాల పద్దుల్లో సుంకం సాధారణంగా తక్కువ కాబట్టి దిగుమతిదారు అటు లాగుతాడు, అధికారి ఇటు లాగుతాడు. కొన్నది హోటలా ఇల్లా అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. ఆ తరహా వస్తువు మామూలుగా ఎక్కడ వాడతారన్నదే చూస్తారు. పరిమాణం, సామర్థ్యం, కేటలాగ్‌లో ఏం రాశారన్నవి సాక్ష్యాలు. గ్రైండర్ల సంగతి మరీ విచిత్రం. 8509లోని చాలా వస్తువులకు 20 కిలోల పరిమితి ఉంది, కానీ ఆహార గ్రైండర్లూ మిక్సీలూ ఎంత బరువున్నా ఫరవాలేదని టారిఫ్‌లో ఆ అధ్యాయానికి ఉన్న వివరణ నోటు చెబుతుంది. ఇంటికి తెచ్చే రాతి వెట్ గ్రైండర్ ఎంత బరువైనా 8509లోనే ఉంటుంది. హోటల్ వంటగదికి చేసిన భారీ యంత్రం ఆహార తయారీ యంత్రాల పద్దు 8438కి పోతుంది. వేడిచేస్తూ రుబ్బే కొత్త రకం పరికరాలకైతే ముఖ్యమైన పని ఏదో చూడమంటుంది సెక్షన్ నోటు (కొన్ని అధ్యాయాలకు కలిపి రాసిన వివరణ). ఏది ముఖ్యమో తేల్చడం దగ్గరే మళ్లీ వాదన.

దిగుమతి మీద కట్టే ఐజీఎస్టీ (సమీకృత జీఎస్టీ) దేశీయ జీఎస్టీ రేటునే అనుసరిస్తుంది కాబట్టి ఆ ఎగుడుదిగుళ్లు కూడా ఇందులో కలుస్తాయి. రాయి ఉన్న వెట్ గ్రైండర్ రేటును 2017 నవంబరులో 28 నుంచి 12కు దించారు. అదే జాబితాలో పక్కన యుద్ధట్యాంకులు ఉండటం నాకిప్పటికీ నవ్వు తెప్పిస్తుంది. 2019లో అది 5 శాతమైంది, 2022 జులైలో 18కి ఎగిరింది. మిక్సీలను 2018 జులైలోనే 18కి తెచ్చారు. అంటే దాదాపు మూడేళ్లు, రాయి ఉందా లేదా అన్నదాన్ని బట్టి పన్ను ఇంచుమించు నాలుగింతలు మారింది.

ఇక కస్టమ్స్ సుంకం. ఏళ్లుగా తగ్గుతూ వచ్చిన రేటు 2020 బడ్జెట్‌లో దిశ మార్చుకుంది. కుక్కర్లు, ఓవెన్లు, టోస్టర్లు, కాఫీ మేకర్లు, మిక్సీలు, ఇస్త్రీ పెట్టెల మీద 10 శాతం కాస్తా 20 అయింది. ఆ రేటుతో 10,000 రూపాయల విలువైన సరుకుకు లెక్కేస్తే మూల సుంకం 2,000, దాని మీద 10 శాతం సాంఘిక సంక్షేమ సర్‌చార్జీ 200, మొత్తం 12,200 మీద 18 శాతం ఐజీఎస్టీ 2,196. కలిపి 4,396. పాత 10 శాతంతో ఇది 3,098 అయ్యేది. ఐజీఎస్టీని వ్యాపారి తర్వాత సర్దుబాటు చేసుకుంటాడు, మిగతాది ధరలో కలుస్తుంది. దేశీయ తయారీని కాపాడటమే ఉద్దేశం, అందులో దాపరికం లేదు. ఆ లెక్క కూడా ఒక్కోసారి తలకిందులవుతుంది. వంటింటి చిమ్నీ కన్నా అందులో వాడే హీట్ కాయిల్ మీదే సుంకం ఎక్కువగా ఉండటంతో 2023 బడ్జెట్‌లో చిమ్నీని 7.5 నుంచి 15కు పెంచి, కాయిల్‌ను 20 నుంచి 15కు దించాల్సి వచ్చింది.

బీఐఎస్ దారి దీనికి సమాంతరంగా నడిచింది. 2012 నాటి తప్పనిసరి రిజిస్ట్రేషన్ ఉత్తర్వులో మొదట చేర్చిన 15 వస్తువుల్లో మైక్రోవేవ్ ఓవెన్ ఒకటి. తర్వాతి విడతల్లో ఇండక్షన్ స్టవ్, రైస్ కుక్కర్ చేరాయి. 2025 మేలో ప్రకటించిన ఉత్తర్వు ఒక్కో వస్తువును విడిగా తీసుకోకుండా ఇంటి, వాణిజ్య విద్యుత్ పరికరాలన్నిటినీ భద్రతా ప్రమాణం కిందికి తెచ్చే పద్ధతి పట్టింది. షాక్ కొట్టే చవక సరుకును ఆపాలన్న కారణంలో తప్పు పట్టడానికి లేదు. కానీ రిజిస్ట్రేషన్ ఫ్యాక్టరీ పేరు మీద, బ్రాండు వారీగా ఉంటుంది. విదేశీ ఫ్యాక్టరీ అయితే ఇక్కడ అధీకృత ప్రతినిధి ఉండాలి. కొన్ని వందల ముక్కలు తన పేరు ముద్రించి తెప్పించుకుందామనుకునే చిన్న దుకాణదారు కోసం చైనా ఫ్యాక్టరీ ఈ ఖర్చు పెట్టుకోదు. పెద్ద బ్రాండుకు ఇది పెద్ద లెక్క కాదు. సుంకం ఇద్దరికీ ఒకే శాతం, కాగితం మాత్రం చిన్నవాడికే బరువు. నా దృష్టిలో ఈ విధానంలో చర్చకు రావలసిన భాగం ఇదే. బడ్జెట్ రోజు మాత్రం అందరూ రేట్ల గురించే మాట్లాడతారు.

సనత్‌నగర్ కంటైనర్ డిపోలో దిగిన సరుకు బిల్ ఆఫ్ ఎంట్రీని (దిగుమతి వివరాల పత్రాన్ని) ఇప్పుడు వేరే నగరంలోని అధికారి పరిశీలించవచ్చు. 2020 జూన్‌లో బెంగళూరు, చెన్నైలలో మొదలైన ఫేస్‌లెస్ మదింపు తొలి విడత యంత్రాలు, విద్యుత్ పరికరాలు ఉండే 84, 85 అధ్యాయాలతోనే ప్రారంభమై, అక్టోబరు చివరికల్లా దేశమంతా వచ్చింది. బషీర్‌బాగ్ కస్టమ్స్ ఆఫీసుకు వెళ్లి నమూనా చూపించి ఒప్పించే పాత పద్ధతి తగ్గింది. కోడ్ మీద అనుమానం ఉంటే ముందే తేల్చుకునే అడ్వాన్స్ రూలింగ్ అథారిటీలు ఉన్నాయి, కాకపోతే అవి 2021 నుంచి ముంబైలో, ఢిల్లీలో. కాబట్టి ఇక్కడి వ్యాపారి సరుకు ఆర్డర్ చేయకముందే ఫ్యాక్టరీ ఇచ్చిన ఆర్ నంబరును (బీఐఎస్ రిజిస్ట్రేషన్ నంబరును) బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి, అందులో వచ్చే బ్రాండు పేరూ వస్తువు పేరూ తన ఇన్‌వాయిస్‌తో సరిపోతున్నాయో లేదో చూసుకోవడం మంచిది. కోడ్ గొడవ వస్తే తర్వాత అప్పీలుకు వెళ్లవచ్చు. నంబరు లేకపోతే అప్పీలు చేయడానికి కూడా ఏమీ ఉండదు.