ఆదివారం బిల్లు కౌంటర్ వెనక ఉన్న పాత పేచీ

ఇంగ్లండ్‌లో ఉంటున్న మనవాళ్లకు ఇది అలవాటే. ఆదివారం పదిన్నరకు పెద్ద సూపర్‌మార్కెట్ తలుపులు తీస్తారు. లోపల తిరగొచ్చు, ట్రాలీ నింపుకోవచ్చు. బిల్లు మాత్రం పదకొండు దాకా వేయరు. మళ్లీ సాయంత్రం అయిదుకల్లా బంద్. ఏమిటీ విడ్డూరం అంటే సండే రూల్ అంటారు.

ఆ రూల్ మూలాలు బైబిల్లో ఉన్నాయి. పది ఆజ్ఞల్లో విశ్రాంతి దినం ఇంటి యజమాని ఒక్కడికే కాదు. దాసుడికి, దాసికి, ఎద్దుకు, గాడిదకు, ఇంట ఉన్న పరదేశికి కూడా. మీరూ ఐగుప్తులో (ఈజిప్టులో) దాసులుగా బతికినవాళ్లేనని బైబిల్లోని ద్వితీయోపదేశకాండం ఇశ్రాయేలీయులకు గుర్తు చేస్తుంది. నాకైతే ఆజ్ఞ ప్రాణమంతా ఇక్కడే కనిపిస్తుంది.

బేరగాళ్లతో గొడవా అప్పటిదే. విశ్రాంతి దినం ఎప్పుడు గడుస్తుందా, కొలత తగ్గించి ధర పెంచి ధాన్యం ఎప్పుడు అమ్ముకుందామా అని చూసేవాళ్లను ఆమోసు ప్రవక్త ఎండగట్టాడు. క్రీస్తుపూర్వం అయిదో శతాబ్దంలో యూదుల అధిపతి నెహెమ్యా మాటలతో ఆగలేదు. విశ్రాంతి దినాన యెరూషలేములోకి గాడిదల మీద ద్రాక్షపళ్లు, అంజూరాలు దిగుతున్నాయి, తూరు అనే రేవు పట్టణం వర్తకులు చేపలు అమ్ముతున్నారు. ముందురోజు చీకటి పడుతుండగానే గుమ్మాలు మూయించి, తన మనుషుల్ని కాపలా పెట్టాడు. వర్తకులు ఒకటి రెండుసార్లు సరుకుతో గోడ బయటే పడుకున్నారు. మళ్లీ కనిపిస్తే పట్టుకుంటానని బెదిరించాక రావడం మానేశారు.

యూదుల విశ్రాంతి దినం శనివారం. క్రైస్తవుల్లో ఎక్కువమందికి క్రీస్తు సమాధి నుంచి లేచిన ఆదివారమే ఆ రోజైంది. 321లో రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ పట్టణవాసులకు, చేతివృత్తులవాళ్లకు ఆదివారం సెలవిచ్చాడు. రైతులకు మినహాయింపు.

ఇక బ్రిటన్. 1950 నాటి షాపుల చట్టం ప్రకారం ఆదివారం మద్యం అమ్మొచ్చు, పాలపొడి అమ్మకూడదు. ఇలాంటి తిరకాసులు చూసి నవ్వనివాళ్లు లేరు. 1986లో మార్గరెట్ థాచర్ ప్రభుత్వం ఈ ఆంక్షలన్నీ ఎత్తేయబోయింది. ఆమె తండ్రి కిరాణా వ్యాపారి, మెథడిస్టు అనే ప్రొటెస్టెంటు శాఖలో బోధకుడు. ఆ ఇంట్లో ఆదివారమంటే చర్చే. చర్చిలు, షాపు ఉద్యోగుల యూనియన్ ఒక్కటై ఎదురు తిరిగాయి. ఒకరు ఆరాధన కోసం, ఇంకొకరు సెలవు కోసం. ఏప్రిల్ 14న సొంత పార్టీవాళ్లే పదుల సంఖ్యలో అడ్డం తిరగడంతో బిల్లు 282-296 ఓట్లతో పడిపోయింది.

1994లో రాజీ కుదిరింది. 280 చదరపు మీటర్లు దాటిన షాపులు ఇంగ్లండ్, వేల్స్‌లో ఆదివారం పది నుంచి ఆరు లోపు ఆరు గంటలే తెరవాలి. ఈస్టర్ ఆదివారం పూర్తిగా మూత. షాపు ఉద్యోగి ఆదివారం రానని చెప్పే హక్కూ వచ్చింది. పదకొండుకు బిల్లు మొదలవడం ఈ లెక్క వల్లే. చిన్న కొట్లకు పట్టింపు లేదు.

ఆన్‌లైన్ పోటీకి తట్టుకోవాలంటే ఈ గంటలు సడలించాలని ప్రభుత్వం మళ్లీ ప్రయత్నించి, 2016 మార్చిలో 286-317తో ఓడింది. అలా షాపు తలుపుకు టైము మిగిలింది. అదే ఆదివారం రాత్రి పదింటికి ఫోన్లో ఆర్డర్ పెడితే మాత్రం ఆపేవాళ్లు లేరు. గోదాంలో దాన్ని ప్యాక్ చేసే మనిషి ఆ వేళ డ్యూటీలోనే ఉంటాడు.