ఆశాలకు ఏఎన్ఎం దారి ఎక్కడ మూసుకుపోయింది

ఆశా కార్యకర్తల ధర్నా వార్తల్లోకి వచ్చిన ప్రతిసారీ ఒకే అంకె పెద్దక్షరాల్లో కనిపిస్తుంది: నెలకు 18 వేల రూపాయల ఫిక్స్‌డ్ వేతనం. తెలంగాణలో 2023లో జరిగిన సమ్మెలోనూ ఆ తర్వాత కోఠి దగ్గర జరిగిన ఆందోళనల్లోనూ చర్చ దాని చుట్టూనే తిరిగింది. యూనియన్లు ఇచ్చే వినతిపత్రాల్లో మాత్రం కింద ఇంకో వరుస ఉంటుంది. ఏఎన్ఎం (ఊళ్లో టీకాలు, కాన్పులు చూసే నర్సు), జీఎన్ఎం (అంతకన్నా పై నర్సింగ్ చదువు) శిక్షణ పూర్తి చేసిన ఆశాలకు ప్రమోషన్ ఇవ్వాలని అందులో అడుగుతారు. టీవీల్లో ఆ మాట దాదాపు వినిపించదు. నా ఉద్దేశంలో అసలు గొడవంతా అక్కడే ఉంది. పారితోషికం ఎంత పెరిగినా ఇరవై ఏళ్ల తర్వాత కూడా ఆమె చేరిన చోటే ఉండిపోతుందా అన్నదే ఆ వరుస అడుగుతున్న ప్రశ్న.

జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ 2005 ఏప్రిల్‌లో మొదలైందనీ, వెయ్యి మంది జనాభాకు ఒక ఆశా ఉంటుందనీ చదివేవాళ్లకు తెలిసిన విషయమే. ఇప్పటి వివాదానికి పనికొచ్చేది అప్పటి ఎంపిక నిబంధనల్లో ఉంది. ఆశా ఆ ఊళ్లోనే ఉండే మహిళ కావాలి. పెళ్లైనవాళ్లకు, భర్త చనిపోయినవాళ్లకు, విడిపోయినవాళ్లకు ప్రాధాన్యం. వయసు 25 నుంచి 45 మధ్య. చదువు ఎనిమిదో తరగతి. అంటే అత్తగారి ఊళ్లో స్థిరపడి, పిల్లలున్న, చదువు మధ్యలో ఆగిపోయిన మహిళనే ప్రభుత్వం కోరి తెచ్చుకుంది. రోజుకు రెండు మూడు గంటల పని అనీ, ఆమె మామూలు జీవనోపాధికి అడ్డురాదనీ చెప్పింది. అందుకే జీతం లేదు, పనిని బట్టి పారితోషికం మాత్రమే.

ఈ వాలంటీర్ ఆలోచన వెనక పాత భయం ఒకటుంది. 1977 అక్టోబర్ 2న కేంద్రం గ్రామీణ ఆరోగ్య కార్యకర్తల పథకం తెచ్చింది. వాళ్లనే తర్వాత విలేజ్ హెల్త్ గైడ్లు అన్నారు. నెలకు 50 రూపాయల గౌరవ వేతనం ఇచ్చేవారు. వాళ్లు సంఘాలు పెట్టుకుని జీతాలు, పర్మినెంట్ ఉద్యోగాలు అడిగారు, కోర్టులకు వెళ్లారు. చివరికి పథకమే నీరుగారిపోయింది. దాంతో ఈసారి ఉద్యోగి అన్న మాటే రాకుండా చూసుకోవాలని అధికార యంత్రాంగం అనుకుంది. ఆశాను ఏ కేడర్‌లోనూ, అంటే ఏ ఉద్యోగ శ్రేణిలోనూ చేర్చలేదు. కేడర్‌లో లేని మనిషికి ప్రమోషన్ ఎక్కడి నుంచి వస్తుంది?

అయినా 2005లో ఒక తలుపు సగం తెరిచే ఉండేది. ఆశాకు పైమెట్టు సబ్‌సెంటర్‌లో, అంటే ఊరి ఆరోగ్య ఉపకేంద్రంలో ఉండే ఏఎన్ఎం. కర్తార్ సింగ్ కమిటీ 1973లో ఇచ్చిన నివేదికతో బహుళ ప్రయోజన ఆరోగ్య కార్యకర్త అన్న కొత్త హోదా వచ్చింది. మన దగ్గర ఎంపీహెచ్ఏ ఫిమేల్ అంటున్నది ఆమెనే. 1977 నాటి మార్పులతో ఏఎన్ఎం కోర్సు పదో తరగతి తర్వాత ఏడాదిన్నర చదువుగా మారింది. ఆశా పథకం మొదలైనప్పుడు ఉన్న నిబంధన అదే. అప్పటికే పది పాసై ఆశాగా చేరినవాళ్లకూ, చేరాక ఓపెన్ స్కూల్లో పది కట్టి గట్టెక్కినవాళ్లకూ ఏఎన్ఎం మరీ అందని చదువు కాదు.

ఆ దారి 2012-13 ప్రాంతంలో మూసుకుపోయింది. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ఏఎన్ఎం సిలబస్‌ను మార్చింది. కోర్సు రెండేళ్లకు పెరిగింది, అందులో ఆరు నెలలు ఇంటర్న్‌షిప్. అర్హత పది నుంచి ఇంటర్‌కు పెరిగింది. వయసు 17కు తగ్గకూడదు, 35 దాటకూడదు. ఆశాలను ఆపాలని ఎవరూ కూర్చుని ఈ మార్పు చేయలేదు. నర్సింగ్ చదువు నాణ్యత పెంచడమే దాని ఉద్దేశం. కానీ ఊళ్లలో ఈ అర్హతలు లేక బయట మిగిలింది ఎక్కువగా ఆశాలే.

లెక్క వేసి చూడండి. 28 ఏళ్లకు ఎనిమిదో తరగతి చదువుతో ఆశాగా చేరిన మహిళ ఉందనుకుందాం. పని నేర్చుకుని ఊళ్లో నిలదొక్కుకోవడానికి మూడేళ్లు. ఓపెన్‌లో పది, ఆ తర్వాత ఓపెన్ ఇంటర్. ఒక్క సబ్జెక్టు కూడా తప్పకుండా పాసైనా ఆమె చేతికి ఇంటర్ మెమో వచ్చేసరికి 35 దగ్గర పడుతుంది. ఇంగ్లిష్ ఒకసారి తప్పిందా, అయిపోయింది. ఇక 36 నుంచి 45 మధ్య ఎంపికైనవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. ప్రభుత్వం వాళ్లను ఆశాలుగా తీసుకున్న రోజుకే ఏఎన్ఎం వయసు దాటిపోయింది. ఒక నిబంధన 45 ఏళ్ల వరకు రమ్మంటే ఇంకో నిబంధన 35 దగ్గర ఆపేసింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివిన మనిషి ఆ రోజుల్లో ఒక్కరున్నా ఇవాళ ఈ ధర్నాల్లో సగం టెన్షన్ ఉండేది కాదని నేను నమ్ముతున్నాను.

అదే కాలంలో ఆమె పని మాత్రం పెరుగుతూ వచ్చింది. మొదటి ఏడాది 23 రోజుల శిక్షణతో మొదలైన మనిషికి ఆరు, ఏడు మాడ్యూళ్ల పేరుతో ఇంకో 20 రోజుల శిక్షణ ఇచ్చారు. 2011 నుంచి పుట్టిన బిడ్డను ఇంటికెళ్లి చూసే బాధ్యత కూడా అప్పగించారు. ఆస్పత్రి కాన్పయితే 42 రోజుల్లో ఆరుసార్లు, ఇంట్లో కాన్పయితే ఏడుసార్లు వెళ్లాలి. బిడ్డను తూకం వేయాలి, జ్వరం చూడాలి, ఊపిరి లెక్కపెట్టాలి, పాలు పట్టడం లేదంటే అది ప్రమాదమని గుర్తుపట్టాలి. తర్వాత బీపీ, షుగర్ సర్వేలు వచ్చాయి, కోవిడ్ వచ్చింది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశంలోని పది లక్షల మందికి పైగా ఉన్న ఆశాలను గ్లోబల్ హెల్త్ లీడర్స్ అవార్డుతో గౌరవించింది. రెండు మూడు గంటల పని అన్న మాట కాగితం మీదే మిగిలింది. ఇన్నేళ్ల నేర్పులో ఒక్క రోజు కూడా ఏఎన్ఎం కోర్సులో ఒక్క పేపర్‌కైనా సమానంగా లెక్కకు రాలేదు.

అసలేమీ చేయలేదని కాదు. అర్హత ఉన్న ఆశాలకు ఏఎన్ఎం, జీఎన్ఎం స్కూళ్ల అడ్మిషన్లలో ప్రాధాన్యం ఇవ్వాలని కేంద్రం రాష్ట్రాలకు చెప్పింది. జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ ద్వారా ఆశాలకు పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే ఏర్పాటూ వచ్చింది. కానీ ఆ ప్రాధాన్యం అర్హత ఉన్నవాళ్లకే, ఆ సర్టిఫికెట్ ఇంటర్‌కు బదులు చెల్లదు. తాళం తీయకుండా తలుపు మీద స్వాగతం అని రాసినట్టయింది.

అధికారుల వాదన కూడా చెప్పాలి. ఏఎన్ఎం సూది వేస్తుంది, కాన్పు చేస్తుంది, టీకాల బాధ్యత మోస్తుంది. అనుభవం ఉంది కదా అని చదువులో సడలింపు ఇస్తే నష్టపోయేది తల్లీబిడ్డలే అంటారు. మంచి ఆశాలంతా కోర్సుకు వెళ్తే ఊరు ఖాళీ అవుతుందన్నది రెండో భయం. మొదటి మాటలో న్యాయం ఉంది. అయితే ఆశాలు అడుగుతున్నది పరీక్ష లేని ప్రమోషన్ కాదు, పరీక్ష దాకా చేరే వీలు. ఇక రెండో మాట నాకు బాధ కలిగిస్తుంది. పని బాగా చేస్తోంది కాబట్టి ఆమెను అక్కడే ఉంచేయాలని దానర్థం.

వాలంటీర్‌కు ప్రమోషన్ కుదరదన్న మాట నిలవదని చెప్పడానికి దూరం పోనక్కర్లేదు. అదే ఊళ్లో అంగన్‌వాడీ టీచర్ ఉంది. ఆమెదీ గౌరవ వేతనమే. సూపర్‌వైజర్ పోస్టుల్లో సగం అయిదేళ్ల అనుభవం ఉన్న అంగన్‌వాడీ టీచర్లతోనే నింపాలని 2022 నాటి సక్షమ్ అంగన్‌వాడీ మార్గదర్శకాలు చెబుతున్నాయి, మిగతా అర్హతలు ఉండాలనుకోండి. అంగన్‌వాడీ ఆయాలకూ టీచర్ పోస్టుల్లో సగం వాటా ఉంది. అంటే గౌరవ వేతనం మీద పనిచేసేవాళ్లకు మెట్లు కట్టడం ప్రభుత్వానికి చేతకాని పని కాదు.

ఆశాల మనసు బాగా గాయపడింది కొత్త పోస్టులు వచ్చినప్పుడు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో గ్రామ, వార్డు సచివాలయాలు పెట్టి ఒకేసారి 13 వేలకు పైగా ఏఎన్ఎం గ్రేడ్-3 పోస్టులు ప్రకటించారు. కోర్సు సర్టిఫికెట్ ఉన్నవాళ్లకు అది పండగే. అది లేని ఆశా మాత్రం ఏళ్ల తరబడి తాను తిరిగిన ఇళ్లను కొత్తగా వచ్చిన ఏఎన్ఎంకు చూపించి, ఆమె చెప్పిన రిజిస్టర్ రాసుకుంటూ మిగిలిపోయింది. తెలంగాణ ఏఎన్ఎం పోస్టుల భర్తీలో కాంట్రాక్ట్, ఔట్‌సోర్సింగ్ సర్వీసుకు వెయిటేజీ ఇచ్చారు. ఆశాది కాంట్రాక్ట్ కూడా కాదాయె. 2018 తర్వాత హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్లలో సీహెచ్‌వో (కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్) అనే కొత్త మెట్టు వచ్చింది, అదీ బీఎస్సీ నర్సింగ్ లాంటి పెద్ద చదువులవాళ్లకే. నిచ్చెన పైకి పెరుగుతోంది గానీ ఆమె కాలు పెట్టాల్సిన మొదటి మెట్టు నేలకు అందనంత ఎత్తులోనే ఉంది.

పారితోషికం పెరిగిన మాట నిజమే. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో పది వేలు చేశారు. తెలంగాణలో ఆరు వేలు, ఏడున్నర వేలు దాటి 2022లో 9,750 అయింది. ఇవేవీ ఊరికే రాలేదు. తెలంగాణ ఆశాలు 2015లో 106 రోజులు సమ్మె చేశారు. ఈ పథకాల్లో పనిచేసేవాళ్లను కార్మికులుగా గుర్తించాలని 2013లో 45వ భారత కార్మిక సదస్సు సిఫారసు కూడా చేసింది. ప్రభుత్వాలు ప్రతిసారీ డబ్బు దగ్గరే బేరం ముగించాయి, చదువు డిమాండ్‌ను తర్వాత చూద్దామన్నాయి. డబ్బుకూ చదువుకూ లింకు ఉందని మాత్రం ఎవరూ గమనించలేదు. వయసు, ఇంటర్ రెండూ ఉన్న ఆశాకైనా రెండేళ్ల ఫుల్‌టైమ్ కోర్సు అంటే రెండేళ్లు ఆదాయం లేకపోవడమే. ఆ పది వేలతో ఇల్లు గడిచే మనిషి దాన్ని వదులుకుని హాస్టల్‌కు ఎలా వెళ్తుంది?

ఈ చిక్కు మన ఒక్కరిదే కాదు. అమెరికాలో 2010 నాటి ఆరోగ్య చట్టం కింద తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు వైద్యరంగంలో శిక్షణ ఇచ్చే పెద్ద కార్యక్రమం నడిచింది. ఎక్కువమంది నర్సింగ్ అసిస్టెంట్ లాంటి చిన్న కోర్సులతోనే ఆగిపోయారు. సర్టిఫికెట్లు పెరిగాయి గానీ ఏళ్లు గడిచాక చూస్తే ఆదాయంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో 1990ల నుంచి నడుస్తున్న ప్రాజెక్ట్ క్వెస్ట్ ఇంకో రకంగా చేసింది. చదువులో వెనకబడినవాళ్లకు ముందు లెక్కలు, భాష నేర్పింది. ఫీజులు, పుస్తకాలు, రాకపోకల ఖర్చులు చూసింది. మధ్యలో మానేయకుండా వారం వారం కూర్చుని మాట్లాడింది. అక్కడ చాలామంది లైసెన్స్ ఉన్న నర్సులయ్యారు, తొమ్మిదేళ్ల తర్వాత కూడా అందులో చేరినవాళ్ల సంపాదన చేరనివాళ్లకంటే ఎక్కువే ఉంది. మొదటి మెట్టు మీదే వదిలేయకుండా పైమెట్టు దాకా వెంట నడవడమే రెండింటికీ తేడా.

మన దగ్గర కూడా ఇలాంటి అలవాటు లేకపోలేదు. ఏఎన్ఎంలను ఆరు నెలల ప్రమోషనల్ శిక్షణకు పంపి సూపర్‌వైజర్లను చేసే పద్ధతి ఎప్పటి నుంచో ఉంది. జీఎన్ఎం అడ్మిషన్‌కు నర్సింగ్ కౌన్సిల్ పెట్టిన వయసు కూడా 17 నుంచి 35 ఏళ్లే. దాని పక్కనే ఇంకో వాక్యం ఉంది. ఏఎన్ఎంలకు, వాళ్ల పై సూపర్‌వైజర్లైన లేడీ హెల్త్ విజిటర్లకు ఈ వయసు పరిమితి లేదని అది చెబుతుంది. పనిలో ఉన్న మనిషి వయసు దాటినా చదువుకోవచ్చని కౌన్సిల్ ఒప్పుకున్న చోటు అది. ఏఎన్ఎం కోర్సు నిబంధనల్లో ఆశాల కోసం అలాంటి వాక్యం లేదు.