సుగ్గి నెలల్లో జనగణన: కర్నూలు పడమటి పల్లెల లెక్క ఎందుకు కుదరదు

కోసిగి, కౌతాళం, మంత్రాలయం వైపు ఏ పల్లె జనాభా అయినా అడగండి. రేషన్ కార్డుల్లో ఒక అంకె, జనగణనలో ఇంకో అంకె చూపిస్తారు. రెండూ దొంగ లెక్కలు కావు. ఊరి హద్దుతో పాటు, జనం సుగ్గికి, అంటే కూలి పనికి వలస, పోయిన నెలల్లోనే గణన జరగడం ఈ తేడాకు కారణం.

జనగణనకు ఊరంటే రెవెన్యూ గ్రామం. మజరాలన్నీ, అంటే దాని కింది చిన్న పల్లెలన్నీ, దాని ఖాతాలోకే పోతాయి. పంచాయతీ హద్దు వేరు కాబట్టి సర్పంచి చెప్పే ఊరు, పుస్తకంలో ఊరు ఒకటి కాకపోవచ్చు. మనిషన్నవాడు లేని గ్రామానికీ జాబితాలో చోటుంటుంది. దాన్ని బేచిరాగ్ అంటారు, అంటే దీపం లేని ఊరు.

పాత అంకెలతో పోల్చేటప్పుడు ఇంకా జాగ్రత్త. 1876-78 ధాత కరువుకు కర్నూలు జిల్లా సుమారు నాలుగో వంతు జనాన్ని పోగొట్టుకుంది. 1881 నుంచి మొదలుపెట్టి పెరుగుదల కడితే భలే పెరిగినట్టుంటుంది, నిజానికి అది కరువు గుంత పూడటమే. ఆ తర్వాత హద్దులు మారాయి: 1953లో బళ్లారి నుంచి ఆదోని, ఆలూరు వచ్చాయి, 1970లో మార్కాపురం, గిద్దలూరు ప్రకాశానికి పోయాయి, 1985లో తాలూకాలు పోయి మండలాలొచ్చాయి, 2022లో నంద్యాల విడిపోయింది. జిల్లా అంకెలు పక్కపక్కన పెట్టడం దండగ. ఊరి వారీగా చూడాలి. కోడ్ నంబర్లు కూడా మారుతుంటాయి గనక పేరుతో పాటు విస్తీర్ణం కూడా సరిచూసుకోవాలి.

అసలు చిక్కు నెలతో ఉంది. తెల్లదొరల కాలం నుంచీ గణన ఫిబ్రవరి, మార్చిల్లోనే. పంట పని ముగిసి జనం ఇంటిపట్టున ఉంటారని లెక్క. ఇక్కడ పంట ముగిస్తే పనీ ముగుస్తుంది. వానాధారం చేలు ఖాళీ కాగానే పిల్లాపాపలతో గుంటూరు వైపు మిరపకోతకు, పత్తి తీతకు సుగ్గి పోతారు, చాలామంది ఉగాదికి గానీ తిరిగిరారు.

2011లో ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా లెక్క రాశారు. ఆ రోజుల్లో ఒక్కసారైనా ఇంట్లో ఉన్నవాళ్లను ఇక్కడ రాస్తారు, అన్నాళ్లూ లేనివాళ్లను దొరికినచోట రాస్తారు. ఇంట్లో అవ్వ ఒక్కతే మిగిలితే ఆ కుటుంబం ఒక్క మనిషిదే అవుతుంది. కొడుకు, కోడలు, పిల్లలు మిరపచేను పక్క గుడారంలో ఉంటారు. అక్కడ లెక్క రాసే ఎన్యూమరేటరు చేలోకి నడిచొస్తే గుంటూరు ఊరి జనాభాలో కలుస్తారు, రాకపోతే ఎక్కడా ఉండరు.

ఇది అక్షరాస్యతనూ తాకుతుంది. ఆ శాతాన్ని ఏడేళ్లు, ఆపైవాళ్ల మీదే కట్టాలి. 2,400 మంది ఉన్న ఊళ్లో ఏడేళ్లలోపు పిల్లలు 350, చదువొచ్చినవాళ్లు 1,025 అనుకుందాం. సరైన శాతం 50. మొత్తం మీద భాగిస్తే 43కు పడుతుంది. మండల నివేదికల్లో ఈ తప్పు మామూలే. సుగ్గి పోయేది ఎక్కువగా చదువురాని కూలీలైతే, మిగిలినవాళ్ల మీద కట్టిన శాతం ఉన్నదానికన్నా మెరుగ్గా వస్తుంది.

2021 గణన కోవిడ్‌తో వాయిదా పడింది. వచ్చేదానికి లెక్క తేదీ, అంటే జనాభాను ఏ రోజు నాటిదిగా చూపిస్తారో ఆ రోజు, 2027 మార్చి 1. ఈసారి కులం కూడా రాస్తారు. తలలు లెక్కపెట్టేది మళ్లీ ఫిబ్రవరిలోనే, మిరపకోత నడిమధ్యన.