వెలిసిన ‘వెరీ’, వెలవని పట్టపగలు

విజయనగరంలో డిగ్రీ చదువుతున్న ఒక అమ్మాయి ఈ మధ్య నాకొక ప్రశ్న పంపింది. ఒక ఇంగ్లీషు కథలోని ఉత్తరంలో ‘టెరిబ్లీ కైండ్’ అన్న మాట కనబడిందట, అంటే మాటకు మాటగా ‘భయంకరంగా దయగల’ అని. అది పొగడ్తా, భయపడడమా అని ఆమె సందేహం. ఇంట్లో పెద్దవాళ్ళు ‘వాడు మాచెడ్డ మంచివాడు’ అన్నప్పుడు ఎవరికీ రాని అనుమానం ఇంగ్లీషు దగ్గర ఎందుకు వస్తుందో నాకు ఎప్పుడూ వింతే.

‘టెరిబ్లీ’ ఒక్క గెంతులో దయ పక్కకు చేరలేదు. మొదట జబ్బు, నొప్పి వంటి చెడ్డ మాటల పక్కన నిలిచినప్పుడు అందులో భయమూ తీవ్రతా రెండూ వినబడేవి. తరువాత మంచీ చెడూ కాని ‘బిజీ’ పక్కకు జరిగేసరికి భయం సగం కరిగింది. ‘కైండ్’ను చేరేనాటికి తీవ్రత ఒక్కటే మిగిలింది. పదిమంది కట్టిన చీరలా, ఎన్ని మాటలతో తిరిగితే అంతగా రంగు వెలుస్తుంది. ‘వెరీ’ కూడా ‘నిజమైన’ అనే అర్థం గల పాత ఫ్రెంచి మాట నుంచి వచ్చినదే. అది వెలిసిపోయాక ‘రియల్లీ’ని తెచ్చుకున్నారు, ఇప్పుడు అదీ వెలుస్తోంది. మనం చెక్కు మీద రాసే ‘అక్షరాలా’కు సరిజోడైన ‘లిటరల్లీ’ని అక్షరాలా కాని చోట వాడడం నేటి కుర్రకారు తప్పని చాలామంది అంటారు గాని, ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు 1769 నాటి ప్రయోగాన్నే చూపుతుంది.

ఇల్లు కదలని మాటలు మాత్రం వెలవవు. ‘పగలు పగలు’లో మొదటి మాట తొలి అచ్చును నిలుపుకొని, తక్కిన అక్షరాలన్నీ వదిలి, ద్విత్వ టకారం తెచ్చుకొని ‘పట్టపగలు’ అవుతుంది. చిట్టచివర, నట్టనడుమ కూడా అంతే. ఆ ‘పట్ట’ను సాయంత్రానికి అతికించలేము కనుకనే దాని పదును తగ్గలేదు. ఇంగ్లీషులో, పూర్తిగా మేలుకొని ఉండడాన్ని చెప్పే ‘వైడ్ అవేక్’లోని ‘వైడ్’ ఇంచుమించు ఇటువంటిదే. ఒకే మాట రెండుసార్లు వచ్చినప్పటి ఈ మార్పునే ఆమ్రేడిత సంధి అంటారు. దాన్ని మార్కుల కోసం వల్లె వేయించే బడుల్లో ఈ సంగతి ఎవరూ చెప్పరు.

ఇక వ్యంగ్యం. మా శ్రీకాకుళం వైపు ‘ఆహా, మా బాగా సేసినావులే’ అంటే ఆ సాగదీతా, చివరి ‘లే’ కలిసి పని పూర్తి చేస్తాయి. కాగితం మీది ఇంగ్లీషుకు సాగదీతా లేదు, ‘లే’ కూడా లేదు. అందుచేత ఆ బరువును ‘టెరిబ్లీ’ వంటి క్రియావిశేషణమే మోయాలి. చిన్న ఉపకారం పక్కన పెద్ద మాట కనబడగానే, ఇంత బరువెందుకని చదువరి వెతుకుతాడు, వెక్కిరింత దొరుకుతుంది. కనుక ఆ ఉత్తరంలో చేసిన మేలు ఏమిటో చూడమని ఆ అమ్మాయికి రాశాను. ఆమె చూసి చెప్పింది: ఎవరో అరువు తీసుకున్న గొడుగును వానాకాలమంతా గడిచాక తిరిగి ఇచ్చాడట.